పాత వ్యాగన్ఆర్‌లో మైకు ఎక్కడ పెట్టాలి?

ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఉండగా ఫోన్ మోగింది. అమ్మ. డ్యాష్‌బోర్డుకి వాక్యూమ్ కప్పుతో అతికించిన హోల్డర్ ఎండకి వదులైపోయి ఉందని నాకు తెలియదు. మలుపు తిరగ్గానే ఫోన్‌తో సహా ఊడి నా కాళ్ల దగ్గర, సరిగ్గా బ్రేక్ పెడల్ పక్కన పడింది. కింద లోయ, ముందు బస్సు. పాదంతో దాన్ని మెల్లగా పక్కకి నెట్టి, కాస్త వెడల్పుగా ఉన్న చోట బండి ఆపాను. చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు.

హైదరాబాద్ నుంచి మా ఊరు మార్కాపురానికి నెలకి రెండుసార్లు వెళ్తాను. నాన్నకి ఒంట్లో బాగుండటం లేదు. నల్లమల మధ్యలోంచి దారి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు దగ్గర గేటు మూసేస్తారు కాబట్టి ప్రయాణం పగలే. అడవిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. సిగ్నల్ వచ్చిన ఆ కాస్తలోనే అమ్మ ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే ఆమెకి టెన్షన్. ఆ రోజు ఇంటికి చేరాక నిర్ణయించుకున్నాను, బండిలో పాటలు, దారి, ఫోన్ మూడింటికీ పద్ధతిగా ఒక ఏర్పాటు చేయించాలని.

బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత వ్యాగన్ఆర్. అందులో బ్లూటూత్ లేని సీడీ స్టీరియో ఉండేది. ముందు చవకగా పోదామని సిగరెట్ సాకెట్‌లో పెట్టే ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ తెచ్చాను. అది ఫోన్‌లోని పాటని ఏదో ఒక ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద మన రేడియోకే పంపిస్తుంది. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 95, ఇలా స్టేషన్లు వరసగా ఉంటాయి, వాటి మధ్య ఖాళీ దొరకడమే కష్టం. దొరికినా ఊరు మారగానే బరబరమని శబ్దం. కాల్స్ సంగతి అసలు చెప్పక్కర్లేదు. రెండు వారాలకే తీసేశాను.

తర్వాత షాపుల చుట్టూ తిరుగుడు. ఇక్కడ అందరూ తికమకపడే విషయం ఒకటుంది, కొంచెం వివరంగా చెప్తాను. 'ఆండ్రాయిడ్ స్టీరియో' వేరు, 'ఆండ్రాయిడ్ ఆటో' వేరు. మొదటిది డ్యాష్‌బోర్డులో బిగించిన ట్యాబ్ లాంటిది. దానికి సొంత ర్యామ్, సొంత జీపీఎస్ యాంటెనా ఉంటాయి, నెట్ మాత్రం మన ఫోన్ హాట్‌స్పాట్ నుంచి ఇవ్వాలి. తొమ్మిది అంగుళాల తెర, చూడటానికి భలేగా ఉంటుంది. కానీ 2 జీబీ ర్యామ్ ఉన్న దాన్ని షాపులో అరగంట వాడి చూస్తే, మ్యాప్ నడుస్తుండగా పాట మార్చాలంటే ఆగి ఆగి కదిలింది. రెండోది మన ఫోన్‌ని స్టీరియో తెరకి కలిపే ఏర్పాటు. అందులో మ్యాప్ లెక్కలన్నీ ఫోనే చేస్తుంది, తెర మీద కనిపించేది ఆ ఫోన్‌లోని మ్యాపే. ఫోన్ మార్చినప్పుడల్లా బండి కూడా కొత్తదైనట్టే. నాకు ఇదే నచ్చింది. ఏడు అంగుళాల తెర, కేబుల్‌తో పనిచేసే ఆండ్రాయిడ్ ఆటో ఉన్నది తీసుకున్నాను. వైర్‌లెస్ ఉన్నవి ఖరీదు ఎక్కువ. పైగా ఆరేడు గంటల ప్రయాణంలో ఫోన్‌కి చార్జింగ్ ఎలాగూ పెట్టాలి.

బిగింపు దగ్గర దెబ్బతిన్నాను. మా ఏరియాలోనే ఒక షాపులో ఇచ్చాను. అరగంటలో అయిపోతుందన్నా అన్నాడు, నిజంగానే అరగంటలో ఇచ్చేశాడు. నాలుగో రోజు పొద్దున బండి స్టార్ట్ కాలేదు, బ్యాటరీ డౌన్. స్టీరియో వెనక సాధారణంగా పసుపు వైరుకి ఎప్పుడూ 12 వోల్టుల కరెంటు అందుతూ ఉండాలి, సెట్టింగులు గుర్తుండటానికి. ఎరుపు వైరుకి తాళం తిప్పినప్పుడే రావాలి. అతను కంపెనీ వైర్లు కత్తిరించి, రెండింటినీ కలిపి ఇన్సులేషన్ టేపు చుట్టేశాడు. దాంతో స్టీరియో రాత్రింబవళ్లు కరెంటు తాగుతూనే ఉంది. అడిగితే బ్యాటరీ పాతదన్నాడు. నాకు నిజంగా బాధేసింది. ఇంకో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ఆయన కత్తిరించిన వైర్లని ఒక్కొక్కటిగా అతికి, మా బండికి సరిపోయే కప్లర్ (కంపెనీ వైర్లని కత్తిరించకుండా స్టీరియోకి కలిపే ప్లగ్గు) పెట్టి, ఫ్యూజు వేసి ఇచ్చాడు. కప్లర్ ఐదు వందలు. బిగించే ముందే "వైరు కత్తిరించొద్దు, కప్లర్ వాడండి" అని గట్టిగా చెప్పండి.

అన్నిటికంటే నేను ఎక్కువ టైమ్ పెట్టింది మైకు మీద. చిన్న కార్లలో టైర్ల చప్పుడు, ఇంజన్ చప్పుడు లోపలికి బాగా వస్తాయి. స్టీరియో ముఖం మీదుండే మైకు మన నోటికి దూరం, ఏసీ గాలికి దగ్గర. మొదటి కాల్‌లోనే అమ్మ, "ఒరే, బావిలోనుంచి మాట్లాడినట్టుందిరా, ఏం వినపడట్లా" అంది. స్టీరియో వెనకాల గుచ్చే బయటి మైకు ఒకటి డబ్బాలోనే వచ్చింది. మూడు మీటర్ల సన్న వైరు, చివర గోరంత క్లిప్పు. ముందు సన్ వైజర్‌కి తగిలించాను, అద్దం సందులోంచి వచ్చే గాలి హోరు పట్టేసింది. తర్వాత పైకప్పు లైటు దగ్గర, గొంతు దూరంగా వినిపించింది. చివరికి స్పీడోమీటర్ మూతకి పైన, స్టీరింగ్ వెనక, నా మూతికి ఎదురుగా పెట్టాను. ఏసీ రెండులో, అద్దాలు ఎత్తి, బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రతి చోటునీ పరీక్షించాం. నేను బండి నడుపుతూ మామూలుగా మాట్లాడటం, అతను మైకు మార్చి మార్చి పెట్టడం, అవతల అమ్మ ఏది బాగుందో చెప్పడం. వైరుని ముందు అద్దం పక్కనుండే పిల్లర్ ప్లాస్టిక్ లోపలికి దూర్చేశాం, ఎక్కడా వేలాడదు.

పాటల విషయానికొస్తే, డబ్బా మీద 50 వాట్స్ ఇంటూ 4 అని రాసి ఉంటుంది, దాన్ని నమ్మి మురిసిపోకండి. అది ఒక్క క్షణానికి అందే గరిష్ఠం. స్టీరియో నిలకడగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు. ముందు తలుపుల్లో అరిగిపోయిన స్పీకర్లు మార్చాను, తేడా అక్కడ తెలిసింది. అడవిలో నెట్ ఉండదు కాబట్టి పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోనే.

దారికీ అంతే. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి సిగ్నల్ లేకపోయినా మనం ఎక్కడున్నామో తెర మీద కనిపిస్తుంది. కానీ మ్యాప్ ముందే దించుకోకపోతే, ఒక్క మలుపు తప్పితే కొత్త దారి చూపించలేదు. హైదరాబాద్ నుంచి మార్కాపురం దాకా ఉన్న మొత్తం భాగాన్ని ఇంట్లో వైఫైలోనే ఆఫ్‌లైన్‌గా దించుకుంటాను. గొంతు తెలుగులో పెట్టాను. "300 మీటర్లలో ఎడమవైపు తిరగండి" అని మన భాషలో వినపడితే తెర వైపు చూసే పని తగ్గుతుంది. గమ్యం మాత్రం బండి కదలకముందే పెడతాను.

చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడటం 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదకర డ్రైవింగ్. హ్యాండ్స్‌ఫ్రీ ఉన్నా సరే, ఘాట్‌లో కాల్ ఎత్తకూడదని నేనే నియమం పెట్టుకున్నాను. కోతులు ఏ మలుపులో రోడ్డు మీద కూర్చుంటాయో తెలియదు. అమ్మకీ చెప్పాను, మోగి ఆగిపోతే ఘాట్‌లో ఉన్నట్టు అని.

పోయిన వారం దోర్నాల దాటాక, తిన్నని రోడ్డు మీద, స్టీరింగ్ వదలకుండా నేనే అమ్మకి ఫోన్ చేశాను.

"ఏందిరా, పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. బండి ఆపావా?"

"లేదమ్మా, వస్తున్నా."

"నాన్న వాకిట్లో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. నిదానంగా రా."