పర్లేదండీ, నడుస్తోంది

"మీ పనిలో ఇబ్బంది ఎక్కడొస్తోందో చెప్పండి" అని అడిగింది ఫోన్లో 'యాక్సెస్ టు వర్క్' కేస్ మేనేజర్. జబ్బో వైకల్యమో ఉన్నవాళ్ళు ఉద్యోగంలో నిలబడ్డానికి బ్రిటన్ ప్రభుత్వం సాయం చేసే పథకం అది. ఏడు నెలలు ఎదురుచూసిన ఫోను. నా నోట్లోంచి ఊడిపడ్డ మొదటి మాట "పర్లేదండీ, నడుస్తోంది". ఇంగ్లీషులోనే అన్నాననుకోండి, కానీ మాట మాత్రం అచ్చంగా మన గుంటూరుదే. ఎదురుగా కూర్చున్న మా ఆయన తల పట్టుకున్నాడు. కరెంటు బిల్లు కవరు తిరగేసి, వెనక పెద్ద అక్షరాలతో "డబుల్ పేమెంట్ సంగతి చెప్పు" అని రాసి నా ముందుకి తోశాడు.

ఆ సంగతి ఇదీ. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఓ సరుకు రవాణా కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మొత్తం నూట ఎనభై మందిమి. 2023 మార్చి నెలాఖరు క్లోజింగ్‌లో, మధ్యలో ఎవరో ఏదో అడిగితే లేచి వెళ్ళొచ్చి, ఒకే ఇన్‌వాయిస్‌కి రెండోసారి డబ్బు పంపేశాను. 11,400 పౌండ్లు. అవతలివాళ్ళు మంచివాళ్ళు కాబట్టి నాలుగు రోజుల్లో డబ్బు వెనక్కొచ్చింది. నా మీద మేనేజరుకున్న నమ్మకం మాత్రం రాలేదు. "తెలివైనదానివే, కాస్త శ్రద్ధ పెడితే చాలు" అన్నాడు. ఈ మాట నేను ఐదో తరగతి నుంచీ వింటున్నాను.

ఏప్రిల్లో మా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీకి (దృష్టి ఒకచోట నిలవని సమస్య) ఒక ప్రశ్నల కాగితం ఉంటుంది, మొదటి భాగంలో ఆరే ప్రశ్నలు. ఆరింటికీ నా టిక్కులు, ఏడీహెచ్‌డీ ఉండొచ్చని చెప్పే నీడ వేసిన గడుల్లోనే పడ్డాయి. ఇంగ్లండ్‌లో 'రైట్ టు చూజ్' అని ఒకటుంది. ఊళ్ళో ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) క్లినిక్ దగ్గరే క్యూలో పడి ఉండక్కర్లేకుండా, ఎన్‌హెచ్ఎస్‌తో ఒప్పందం ఉన్న వేరే చోటికి పంపమని జీపీని అడగొచ్చు. అలా అడిగినా పది నెలలు పట్టింది. ఈ లక్షణాలు పన్నెండేళ్ళలోపే ఉన్నాయా అన్నది వాళ్ళు గట్టిగా చూస్తారు. చిన్నప్పటి కాగితాలేమైనా ఉంటే పంపమన్నారు.

అమ్మకి ఫోన్ చేశాను. "ఏమే, నలభయ్యేళ్ళు దగ్గర పడుతుంటే ఇప్పుడు ప్రోగ్రెస్ కార్డేంటే?" అంది. అన్నదే గానీ, ఇనప్పెట్టె అడుగు నుంచి తీసి వాట్సాప్‌లో ఫోటో పంపింది. 1996-97, ఐదో తరగతి. లెక్కల్లో తొంభై రెండు. కింద మాస్టారి చేతిరాత: "తెలివి ఉంది. నిలకడ లేదు. పుస్తకాలు పారేసుకుంటుంది." డాక్టరుకి దాన్ని అనువాదం చేసి చెబుతుంటే నాకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

2024 ఫిబ్రవరిలో రోగనిర్ధారణ కాగితం చేతికొచ్చింది. ఆ వారమే 'యాక్సెస్ టు వర్క్'కి అప్లై చేశాను. అప్పుడు తెలిసింది నా మొదటి తప్పు: దీనికసలు ఆ కాగితం తప్పనిసరి కాదు. జబ్బో వైకల్యమో పనికి అడ్డొస్తోందని చెప్పగలిగితే చాలు. పది నెలలు ముందే క్యూలో నిలబడి ఉండాల్సింది. (మందుల కథ వేరు, అది ఇక్కడ రాయను.)

పథకం గురించి క్లుప్తంగా. యాక్సెస్ టు వర్క్‌ని నడిపేది డీడబ్ల్యూపీ, అంటే బ్రిటన్ ప్రభుత్వపు పని, పింఛన్ల శాఖ. 1994 నుంచీ ఉంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో పదహారేళ్ళు దాటి, జీతం వచ్చే పనిలో ఉన్నవాళ్ళకి, త్వరలో చేరబోయేవాళ్ళకి, సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళకి. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. బ్యాంకులో ఎంతుందని అడగరు. 2024-25లో ఒక మనిషికి ఏడాదికి గరిష్ఠం 69,260 పౌండ్లు. ఈ అంకె విని మా తమ్ముడు "అక్కా, నాకూ నిలకడ లేదే" అన్నాడు. నాకొచ్చింది అందులో ఆవగింజంత. వీసా మీద ఉన్న స్నేహితులు ముందు అడిగేది "ఇది పబ్లిక్ ఫండ్స్ కిందికి వస్తుందా, రేపు ఐఎల్ఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అడ్డమా?" అని. పబ్లిక్ ఫండ్స్ అంటే చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయాలు. వాటి పేర్లు ప్రభుత్వం రాసి పెట్టిన జాబితాలో ఇది లేదు. నా మాట మీద కాకుండా ఆ జాబితా మీరే తెరిచి చూసుకోండి.

అన్నిటికంటే ఆలస్యంగా నాకర్థమైన విషయం, ఇక్కడ జేబులు రెండు. కూర్చునే చోటు మార్చడం, పని మాటతో కాక రాతలో ఇవ్వడం, గడువుల్ని ముక్కలు చేయడం లాంటివి కంపెనీ చేయాలి. 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం అది వాళ్ళ బాధ్యత. దానికి మించి అయ్యే ఖర్చుకే ఈ పథకం. మా హెచ్ఆర్ ఈ రెంటినీ కలిపేసి, "ముందు యాక్సెస్ టు వర్క్ రానివ్వండి, తర్వాత చూద్దాం" అంది. నేనూ బుద్ధిగా తలూపి నాలుగు నెలలు కూర్చున్నాను. జూన్‌లో మళ్ళీ ఓ గడువు తప్పాక, అర పేజీ మెయిల్ రాశాను. సర్దుబాట్లకి ఆ పథకంతో సంబంధం లేదని, నాకు కావాల్సినవి నాలుగని, చట్టం పేరూ సంవత్సరంతో సహా. వారంలో ప్రింటరు పక్కనుంచి మూలకి నా బల్ల మారింది. నెలాఖరు మూడు రోజులు మీటింగుల్లేవు. డబ్బు పంపే ముందు ఇంకొకరు చూసి నొక్కే పద్ధతి వచ్చింది (ఇది అసలు అందరికీ ఉండాల్సింది). సోమవారం పొద్దున పది నిమిషాలు మేనేజరుతో కూర్చుని ఆ వారం పనుల వరస రాసుకోవడం మొదలైంది. కంపెనీకి పైసా ఖర్చు కాలేదు. నిజం చెప్పాలంటే, నా ఉద్యోగాన్ని నిలబెట్టింది ముందు ఈ నాలుగే.

సెప్టెంబరు ఫోను దగ్గరికొస్తే, కవరు వెనక రాత చూశాక నోరు పెగిలింది. అప్పుడు కూడా "నాకు ఏకాగ్రత తక్కువ" అన్నట్టు చెబితే ఆవిడ ఏమీ రాసుకోవడం లేదు. "మంగళవారం పదిన్నరకి జీతాల ఫైలు తెరిచాను, ఒంటిగంటకి చూసుకుంటే అది అలాగే ఉంది, నేను ఎవరూ అడగని షీటుకి రంగులు వేస్తున్నాను" అంటే కీబోర్డు చప్పుడు వినిపించింది. మనం పక్కింటివాళ్ళకి కూడా బాధ చెప్పుకోం. పరాయి మనిషికి ఫోన్లో మన చేతకానితనాన్ని గంటలూ నిమిషాలతో సహా చెప్పడం అంటే ఒళ్ళు చచ్చిపోయింది. కానీ అక్కడ పనికొచ్చేది అదే.

అక్టోబరులో వీడియో కాల్లో అసెస్‌మెంట్, గంటన్నర. నాకేం సాయం కావాలో తేల్చడానికి పథకం తరఫున వచ్చినాయన స్క్రీన్ చూపించమన్నాడు. బ్రౌజర్లో నలభై మూడు ట్యాబులు. ఏమీ అనకుండా రాసుకున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్ కావాలని నేనంటే, "ఇప్పుడు పెట్టుకున్నవేంటి?" అన్నాడు. ఆగస్టులో ఆగలేక కొనుక్కున్నవి, 249 పౌండ్లు. మంజూరు ఉత్తరం రాకముందు కొన్నదానికి డబ్బు తిరిగి ఇవ్వరు. నీళ్ళొదులుకున్నాను.

నవంబరులో ఉత్తరం వచ్చింది. మీటింగు రికార్డు చేసి నోట్స్ తీసే సాఫ్ట్‌వేరు, ఆలోచనల్ని బొమ్మలా గీసుకునేది ఇంకోటి, వాటి శిక్షణ కలిపి 1,460 పౌండ్లు. ఇక్కడ కంపెనీ వాటా ఉంటుంది. యాభై మందిలోపు ఉన్న సంస్థకి ఏమీ లేదు. యాభై నుంచి 249 మంది ఉంటే మొదటి 500, మిగతాదాంట్లో అయిదో వంతు. ఖర్చు పదివేలు దాటితే ఆ పైది పథకమే చూసుకుంటుంది. అంటే మావాళ్ళకి 500 ప్లస్ 192, మొత్తం 692. ప్రభుత్వం 768. ఉద్యోగంలో చేరిన ఆరు వారాల్లోపు అప్లై చేసి ఉంటే ఆ 692 కూడా ఉండేది కాదు. నేను చేరి నాలుగేళ్ళయింది మరి. ఏడీహెచ్‌డీతో పని ఎలా నడుపుకోవాలో నేర్పే పన్నెండు సెషన్ల కోచింగ్ ఖర్చు మాత్రం పూర్తిగా ప్రభుత్వానిదే.

సాఫ్ట్‌వేర్లలో ఒకటి వాడుతున్నాను, ఇంకోటి పడుకుంది. కోచింగ్ బాగా పనికొచ్చింది. మూడో సెషన్లో మా కోచ్ 'బాడీ డబ్లింగ్' గురించి చెప్పింది. కష్టమైన పని చేసేటప్పుడు పక్కన ఇంకో మనిషి తన పని తాను చేసుకుంటూ కూర్చోవడం. అది వింటుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. సాయంత్రం అరుగు మీద దూది ముందేసుకుని ఒత్తులు చేసుకుంటూ కూర్చునేది. ఆమె పక్కనుంటేనే నా లెక్కలు అయ్యేవి. లేచి లోపలికెళ్తే నేనూ లేచి వీధిలోకి. అమ్మకి ఫోన్లో చెబితే, "అయితే దీనికి అక్కడ గంటకింతని ఇస్తారా? మీ అత్తలకి చెప్పాలి, వాళ్ళమ్మకి ఎంత బాకీయో లెక్కేసుకుంటారు" అంది. ఇప్పుడు ఆదివారం పొద్దున మా ఆయన చిక్కుడుకాయలు వలుస్తూ నా బల్ల పక్కన కూర్చుంటాడు. నేను వారం రసీదులు సర్దుతాను.

ఒక్క ఫిర్యాదు ఉంది. ఫారాలు నింపలేనివాళ్ళకి సాయం కావాలంటే ఫారాలు నింపాలి. కోచ్ బిల్లుతో పాటు పంపే క్లెయిమ్ కాగితం మీద ఒక్క తేదీ రాయడం మర్చిపోయాను. అది తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడకి రెండు నెలలు డబ్బు రాలేదు. ముఖం చెల్లలేదు. అప్పటినుంచీ ఏ కాగితమైనా పంపేముందు ఫోటో తీసి మా ఆయనకి పంపిస్తాను, పక్క గదిలో ఉన్నా సరే.

మంజూరు మూడేళ్ళకి, 2027 నవంబరు వరకు. గడువు ఇంకా పన్నెండు వారాలుందనగా మళ్ళీ అడగాలి, అంటే ఆగస్టు చివర. ఫోన్లో మూడు అలారాలు పెట్టాను. గోడ క్యాలెండరు మీద రాద్దామంటే ఆ ఏడాదిది ఇంకా రాలేదు కాబట్టి, అదే కరెంటు బిల్లు కవరు ముందువైపు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.