గజం ఎంతండీ?

విశాఖలో ఎవరికైనా మాది పద్మనాభం మండలం, అక్కడ కాస్త భూమి ఉంది అని చెప్పానో లేదో, వెంటనే వచ్చే ప్రశ్న "గజం ఎంత పలుకుతోందండీ?" అని. ఎకరాల్లో అడిగేవాళ్లే లేరు. ఏం పండిస్తారు అని అడిగేవాళ్లు అసలే లేరు, అందుకే ఇది రాస్తున్నా.

మా పెదనాన్న చెప్పే కథ ప్రకారం మా పూర్వీకుడొకాయన 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చినవిజయరామరాజు తరఫున కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సైన్యం మీద కత్తి దూశాడట, ఆ రాజుగారు మెచ్చి బహుమానంగా ఇచ్చిన భూమి ఇదట. వినడానికి బాగానే ఉంటుంది గానీ రాజుగారు ఆ యుద్ధంలోనే చనిపోయారు కదా, మరి బహుమానం ఎవరిచ్చినట్టు? అడిగితే పెదనాన్నకి కోపం వస్తుంది.

ట్రంకు పెట్టెలో నిజంగా ఉన్నవి శిస్తు రశీదులు. వాటి మీద పాత శిస్తు లెక్కల ఫసలీ సంవత్సరాలుంటాయి, 590 కలుపుకుంటే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. వాటిని బట్టి చూస్తే మా ముత్తాత విజయనగరం జమీందారీ ఎస్టేటుకి శిస్తు కట్టుకునే మామూలు జిరాయితీ రైతు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి తాతయ్య పేరిట రైత్వారీ పట్టా, అంటే శిస్తు నేరుగా ప్రభుత్వానికే కట్టే హక్కు పత్రం, ఇచ్చారు. కత్తులేం లేవు.

కాగితాల్లో ఎక్కడా కనపడని మనిషి మా మామ్మ. పల్లంలో వరి, మెట్టలో చోళ్లు, గోగు, వాన పడకపోతే రెండూ పోయేవి. తాతయ్య మెట్ట అమ్మేద్దామంటే మామ్మ ఒప్పుకోలేదు, అక్కడ జీడిపిక్కలు నాటించింది. నీళ్లెవరు పోస్తారే అంటే, రెండు వేసవులు నేను మోస్తాను, తర్వాత దాని బతుకు అదే బతుకుతుంది అందట. నూతి దగ్గర్నించి బిందెలతో మోసింది కూడా. మా నాన్న వాళ్ల చదువులూ, అత్తల పెళ్లిళ్లూ అన్నీ మార్చి నుంచి మే దాకా రాలే ఆ పిక్కల మీదే నడిచాయి. 80 కిలోల బస్తా లెక్కన బేరం, మామ్మకి అక్షరమ్ముక్క రాదు గానీ తూకంలో ఆవిడని మోసం చేసినవాడు లేడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. జీడి కొమ్మలు అడ్డంగా పరుచుకుంటాయి కాబట్టి గాలికి బాగా దొరుకుతాయి, తోట వేళ్లతో సహా లేచిపోయింది. సిటీలో మేం పాల ప్యాకెట్ల కోసం లైన్లో నిలబడుతుంటే నాన్నకి ఆ చెట్ల టెన్షనే. మళ్లీ అమ్మేద్దాం అన్నారు అందరూ. ఈసారి నాన్న వినలేదు, బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం వాళ్ల రకం బీపీపీ-8 అంటు మొక్కలు తెచ్చి నాటారు. పిక్క నాటితే చెట్టుకో తీరు, కాపూ ఆలస్యం, అంటు మొక్క అయితే తొందరగా కాపుకొస్తుంది.

ఇప్పుడు పంపకాల మాట నడుస్తోంది. 1985లో మన రాష్ట్రంలో ఆడపిల్లలకి సమాన వాటా చట్టం వచ్చినా అప్పటికే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు, మా అత్తలు అక్కడే ఆగిపోయారు. 2005 కేంద్ర సవరణతో వాళ్లకీ హక్కు వచ్చింది, మా భూమి ఇంకా పంచుకోలేదు కూడా. పెద్దత్త వాటా అడిగింది, అదీ గజాల రేటు పలికే రోడ్డు వైపు కాదు, మెట్టలో. అడగాలి కూడా, తోట వాళ్లమ్మ నాటించింది. నాన్న సరే అన్నారు, పెదనాన్న ఇంకా ఊ అనలేదు. వచ్చే పిక్కల సీజన్‌లోపు సర్వేయర్ని పిలిపించాలని చూస్తున్నాం, అది తేలేదాకా బ్రోకర్ల ఫోన్లు నేను ఎత్తడం లేదు.