కొలతల పుస్తకంలో నా కాలు

మా ఇంటాయన జాలిపడి నా కుట్టుమిషనుకు మోటారు పెట్టించాడు. అప్పటికి ఎడమకాలు వేళ్ల నుంచి మోకాలి దాకా ఉబ్బిపోయింది. ఆ కాలి మెట్టెను అవుసులాయనతో కోయించాల్సి వచ్చింది. వరంగల్ కొత్తవాడలో నాది చిన్న టైలరింగ్ దుకాణం. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ముందు నా కాలు చూసి, ఆ తర్వాతే మెడ డిజైన్ చెప్పేవాళ్లు.

మొదలైంది 2014లో, మేడారం జాతర నుంచి వచ్చిన వారానికి. గజ్జల్లో బిళ్ల కట్టింది. మూడు దుప్పట్లు కప్పినా ఆగని చలిజ్వరం. నడక ఎక్కువైందనుకున్నాం. మా అత్తమ్మ మొక్కులో ఏదో లోపం జరిగిందని తేల్చేసింది. నాలుగు రోజులకు జ్వరం పోయింది గానీ వాపు పూర్తిగా దిగలేదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు అదే వరస, వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావు. బోదకాలు అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

కరోనా తర్వాత ఎవరో చెప్పారు, హైదరాబాద్‌లో స్టెమ్‌సెల్ వైద్యమట. పొట్ట కొవ్వు తీసి, అందులోంచి మూలకణాలు వేరుచేసి కాలికి ఎక్కిస్తే వాపు నీటిని పైకి లాగే కొత్త నాళాలు లోపల మొలుస్తాయట. మూడు ఇంజెక్షన్లకు 2.80 లక్షలు. ఫోన్లో ఆ అమ్మాయి ఎంత తియ్యగా మాట్లాడిందంటే, పుస్తెలతాడు ఎన్ని తులాలుంటుందో ఆ రాత్రే లెక్కేసుకున్నాను.

మా అక్క కొడుకు మందుల షాపులో పనిచేస్తాడు. "చిన్నమ్మా, అది ప్రయోగమా, వైద్యమా? ఒక్కమాట అడుగు" అన్నాడు. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 నియమాల ప్రకారం మూలకణాలను మామూలు చికిత్సగా వాడేది కొన్ని రక్తవ్యాధులకు చేసే ఎముక మజ్జ మార్పిడిలోనేనట. మిగతా జబ్బులకు అనుమతి ఉన్న ప్రయోగాల్లోనే ఇవ్వాలి, అందులో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఫోన్లో ఆ అమ్మాయిని అదే అడిగాను. "డాక్టర్‌గారిని కనుక్కుని చెప్తా మేడం" అంది. మళ్లీ ఫోన్ రాలేదు. డబ్బు మిగిలిందని సంతోషపడాల్సింది, నాకేమో ఏడుపొచ్చింది.

అక్క కొడుకే పట్టుబట్టి ఎంజీఎం సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. రాత్రిపూట తీసిన రక్తంలో బోదకాలు పురుగు కనపడలేదు. "అది పాడుచేసిన నాళాలే మిగిలినయమ్మా" అన్నాడు డాక్టర్. జ్వరాలకు కారణం వేళ్ల సందుల్లో ఒరిసిన చోటునుంచి దూరే సూక్ష్మజీవులట. ఇంతకీ ఆయన చెప్పిన మందు సబ్బు, నీళ్లు. నాకు ఒళ్లు మండింది. పొద్దంతా లైన్ల నిలబడ్డది కాలు కడుక్కోమని చెప్పించుకోనికా?

అయినా మొదలుపెట్టాను. దుకాణంలో లైనింగ్ గుడ్డ ముక్కలకు కొదవ లేదు. రోజూ రాత్రి కడిగాక వేలికీ వేలికీ మధ్య పొడి ముక్క దూర్చి, గుడ్డకు తడి అంటనిదాకా అద్దుతాను. చిటికెన వేలి సందు మహా మొండిది. చర్మం తెల్లగా నాని, పాచివాసన వచ్చేది అక్కడే. ఆరాక ఆయింట్‌మెంట్. పడుకునేటప్పుడు మంచం కాళ్లవైపు రెండేసి ఇటుకలు. పగలు పట్టీ, పాదం దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా. బోదకాలు ఉన్నవాళ్లకు సర్కారు ఇచ్చే 2,016 రూపాయల ఆసరా పింఛను వచ్చాక వాటి ఖర్చుకు చెయ్యి చాచడం తప్పింది.

మోటారు సంగతి విని డాక్టర్ నవ్వాడు. చీలమండ ఆడితేనే నీరు పైకెక్కుతుంది, తీసేయమన్నాడు. మా ఇంటాయన మొహం అప్పుడు చూడాల్సింది.

పొద్దున లేవగానే టేపుతో చీలమండ చుట్టూ కొలిచి, జాకెట్ల కొలతల పుస్తకంలోనే రాసేదాన్ని. మొదటిరోజు 13½ అంగుళాలు. వారమంతా అంతే. ఆరు నెలలకు 11¾. కుడికాలు 9. మామూలు కాలు కాలేదు, కాదు కూడా. జ్వరం మాత్రం రెండేళ్లలో ఒక్కసారే వచ్చింది, పెళ్లిబట్టల పనిలో పడి వానకు తడిసిన పట్టీ మార్చుకోనప్పుడు.

మొన్న ఒక పెళ్లికూతురు తన కొలత కోసం పుస్తకం తిరగేస్తూ ఆగింది. "అక్కా, ఈ 13½ ఎవరి చెయ్యి? గింత లావా?"

"చెయ్యి కాదు, నా కాలు."

వంగి మిషను కిందికి చూసింది. "ఇప్పుడెంత?"

మెడలోని టేపు తీసి ఆమె చేతిలో పెట్టాను.