నగలకూ వాచీలకూ విలువ కట్టించేటప్పుడు

ఒకే ఉంగరానికి ఒకే రోజున మూడు ధరలుంటాయి, మూడూ నిజమైనవే. అది పోతే అలాంటిదే కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు ఒకటి. తొందర లేని అమ్మకందారు, సరుకు తెలిసిన కొనుగోలుదారు ఇద్దరూ ఒప్పుకునే ధర రెండోది. రేపటికల్లా డబ్బు చేతికి రావాలంటే దొరికేది మూడోది. బీమాకి మొదటిది కావాలి, ఆస్తి పంపకాలకి రెండోది, అత్యవసరంగా అమ్ముకోవాలంటే మూడోది. రాళ్లు పొదిగిన నగల్లో మొదటి ధరకీ మూడో ధరకీ చాలా దూరం ఉంటుంది. అందుకే “దీని విలువెంత?” అని మాత్రమే అడిగితే ప్రశ్న పూర్తి కాదు. ఎందుకోసమో ముందే చెప్పాలి. మీరు చెప్పకపోతే విలువ కట్టే వాల్యుయరే అడగాలి. ఆ మాట అడగకుండానే అంకె రాసిచ్చే చోట ఇంకో నిమిషం కూడా ఉండొద్దు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది అంతకంటే ముఖ్యం. విలువ కట్టేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరే కాకూడదు. కొనాలనుకునేవాళ్లకి తక్కువ చెప్పడం లాభం. తమ దుకాణంలో అమ్మిన నగకి తామే కాగితం ఇచ్చేవాళ్లకి ఎక్కువ రాయడం లాభం, ఎందుకంటే “ఇంత విలువైనది ఇంత చవగ్గా ఇచ్చారు” అని మీరు సంతోషిస్తారు. రుసుము వస్తువుకి ఇంత అనో గంటకి ఇంత అనో ఉండాలి. విలువలో శాతం అడిగితే ఒప్పుకోకండి, విలువ పెరిగేకొద్దీ వాళ్ల ఆదాయం పెరిగే లెక్క అది. రాళ్లను గుర్తుపట్టే చదువు వేరు, విలువ కట్టే శిక్షణ వేరు. అమెరికాకి చెందిన రత్నశాస్త్ర సంస్థ జీఐఏ ఇచ్చే గ్రాడ్యుయేట్ జెమాలజిస్ట్, బ్రిటన్ రత్నశాస్త్ర సంఘం ఇచ్చే ఎఫ్‌జీఏ లాంటివి మొదటి రకం అర్హతలు. రెండోది ఉందా అని విడిగా అడగాలి. వాచీలైతే ఈ రెండూ ఉన్నా చాలదు, చేత్తో వాచీ మూత తెరిచి లోపలి యంత్రాన్ని చదవగలిగినవాళ్లు కావాలి. ఇంకో మాట: జీఐఏ వజ్రానికిచ్చే గ్రేడింగ్ రిపోర్టులో ధర ఉండదు. అది రాయి ఏమిటో చెబుతుంది, ఎంతకి పోతుందో చెప్పదు.

వెళ్లేముందు పాత బిల్లులు, సర్టిఫికెట్లు, సర్వీసు రసీదులు, వాచీ పెట్టె, విడిగా తీసి దాచిన బ్రేస్‌లెట్ లింకులు అన్నీ ఒకచోట చేర్చండి. నగల్ని గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి మెత్తని బ్రష్షుతో కడిగితే చాలు. ముత్యాలు, పగడాలు, పచ్చలు ఉన్నవాటిని మాత్రం తడిబట్టతో తుడిచి వదిలేయండి. వాచీని పాలిష్ చేయించి తీసుకెళ్లడం అన్నింటికంటే ఖరీదైన పొరపాటు, కారణం కింద చెబుతాను. వస్తువు అక్కడ వదిలి రావాల్సి వస్తే రసీదులో బరువు గ్రాముల్లో రెండు దశాంశ స్థానాల వరకు, రాళ్ల సంఖ్య, పెద్ద రాయి కొలతలు మిల్లీమీటర్లలో, ఫొటో ఉండాలి. “ఒక వజ్రపు ఉంగరం” అని రాసిన రసీదు మీకు ఏ రక్షణా ఇవ్వదు. “తెల్ల రాయి” అనే రాసినా తప్పు పట్టకండి, పరీక్ష కాకముందు అంతకంటే ఎక్కువ రాయకపోవడమే నిజాయితీ.

బంగారం విషయం కాస్త తేలిక. నగ మీది ముద్రలో 999 అంటే 24 క్యారెట్లు, 916 అంటే 22, 750 అంటే 18, 585 అంటే 14. ముద్ర ఉంది కదా అని పరీక్ష మానేయకూడదు. కొక్కెం మీద ముద్ర ఉండి గొలుసు వేరే వన్నె కావడం మరమ్మతు చేసిన నగల్లో కనిపిస్తుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే, ఎక్స్-కిరణాలతో లోహాన్ని పరీక్షించే యంత్రం నగకి గీత పడకుండా వన్నె చెబుతుంది, కానీ అది చూసేది ఉపరితలం నుంచి కొన్ని మైక్రాన్ల లోతే. మందంగా పూత వేసిన నగ దాన్ని మోసం చేయగలదు. అందుకే అరిగిన చోట, వెనకవైపు, అతుకు దగ్గర, కొక్కెం మీద విడివిడిగా కొలవాలి. అతుకు దగ్గర వన్నె తగ్గడం సహజం, అతుకు లోహం త్వరగా కరగాలి కాబట్టి. గీటురాయి మీద ఆమ్లంతో చేసే పరీక్ష అనుభవజ్ఞుల చేతిలో ఇప్పటికీ పనికొస్తుంది. కరిగించి తేల్చే అగ్నిపరీక్ష అన్నింటికంటే నమ్మకమైనది, కాకపోతే ముక్క కోయాలి. బరువు దగ్గర అడగాల్సింది ఒకటే: రాళ్లు, లోపల నింపిన లక్క లేదా మైనం పోగా నికరంగా ఎంత? స్థూల బరువుని బంగారం ధరతో గుణించిన కాగితం తప్పు కాగితం. ధర ఔన్సుల్లో చెబితే అది 31.1 గ్రాముల ట్రాయ్ ఔన్స్, వంటింటి తూకపు 28.35 గ్రాములది కాదు.

రాళ్ల దగ్గరే అసలు కష్టం మొదలవుతుంది. పొదిగిన వజ్రాన్ని తూచలేరు, లెక్కగడతారు. గుండ్రని బ్రిలియంట్ కట్ అయితే వ్యాసాన్ని వ్యాసంతో, ఆ వచ్చినదాన్ని లోతుతో, ఆపైన 0.0061తో గుణిస్తారు. 6.5 మిల్లీమీటర్ల వ్యాసం, 3.9 లోతు ఉన్న రాయికి 1.005 క్యారెట్లు వస్తుంది (ఇక్కడ క్యారెట్ అంటే రాయి బరువు, బంగారం వన్నె కాదు). ఇక్కడ ఆగి ఆలోచించండి. లోతు కొలతలో పదో వంతు మిల్లీమీటరు తేడా వచ్చి 3.8 అనుకుంటే అదే రాయి 0.98కి దిగిపోతుంది. బజారులో ఒక క్యారెట్ గీతకి ఇటూ అటూ ఉన్న ధరల్లో గెంతు ఉంటుంది. రాయి చుట్టూ లోహం అంచు కట్టిన నగల్లో లోతు సరిగ్గా అందదు కూడా. కాబట్టి రిపోర్టులో “సుమారు, పొదిగిన స్థితిలో లెక్కగట్టినది” అనే మాట ఉందో లేదో చూడండి. పెద్ద రాయి అయితే ఊడదీసి తూచడం మేలు, రాయిని పట్టి ఉంచే లోహపు గోళ్లు పాతబడి విరిగే స్థితిలో ఉంటే మాత్రం ముందు కంసాలిని అడగాలి.

రంగు కూడా అంతే. జీఐఏ పద్ధతిలో రంగు డీ నుంచి జెడ్ దాకా. పసుపు బంగారంలో కూర్చున్న రాయిలో ఆ పసుపు ప్రతిఫలిస్తుంది, అందుకని నిజాయితీ గల వాల్యుయర్ “జీ నుంచి ఐ మధ్య” అని రాస్తారు. పొదిగిన రాయికి ఒకే ఒక్క అక్షరం, ఒకే ఒక్క స్వచ్ఛత గ్రేడు ఖాయంగా రాసి ఉంటే, దాని వెనక ల్యాబ్ రిపోర్టు ఉందా అని అడగండి. ఉంటే రాయి నడుము అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరుని లూపు అనే చిన్న భూతద్దంతో చూడమనండి. నంబరు కలిసినంత మాత్రాన సరిపోదు. సహజ వజ్రపు నంబరుని ల్యాబ్‌లో పెంచిన వజ్రం మీద చెక్కిన సందర్భాలు బయటపడ్డాయి. కొలతలు, లోపలి మచ్చల పటం కూడా రిపోర్టుతో కలవాలి.

చేతిలో పట్టే వేడి టెస్టర్ “వజ్రం” అని చెప్పినా నమ్మొద్దు. వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే కృత్రిమ రాయి కూడా వేడిని బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఆ టెస్టర్‌ని దాటేస్తుంది. దాన్ని కంటితో పట్టుకోవచ్చు: లూపు కింద కాస్త వంచి చూస్తే వెనక ముఖాల అంచులు జంటగా కనిపిస్తాయి, వజ్రంలో అలా కనిపించవు. ల్యాబ్‌లో పెంచిన వజ్రం మాత్రం వజ్రమే, లూపు దాన్ని ఖాయంగా వేరు చేయలేదు. కాంతిని విడదీసి పరీక్షించే స్పెక్ట్రోస్కోపీ పరికరాలున్న ల్యాబుకి పంపాలి. సహజమైనదానికీ దీనికీ ధరలో తేడా చాలా ఎక్కువ. అందుకే మూలం తేలని పెద్ద రాయికి ఆ ఖర్చు పెట్టడం అనవసరం కాదు.

“మా తాతమ్మది, పాతది కాబట్టి అసలు కెంపే” అనేది చాలామంది గట్టిగా నమ్మే మాట. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నాయ్ జ్వాలలో కెంపులు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు, ఆ తర్వాత అవి నగల్లో విరివిగా చేరాయి. వందేళ్ల నగలో కృత్రిమ కెంపు ఉండటంలో వింతేమీ లేదు. ఆ రాయిని ద్రవంలో ముంచి సూక్ష్మదర్శిని కింద చూస్తే వంపు తిరిగిన గీతలు, గాలి బుడగలు కనిపిస్తాయి. సహజ కెంపులో పెరుగుదల గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి. వేడి చేసిన కెంపు, నీలం వ్యాపారంలో మామూలే, రాస్తే చాలు. సీసపు గాజు నింపిన కెంపు వేరే సంగతి: రాయిని తిప్పుతుంటే పగుళ్లలో నీలి మెరుపు తళుక్కుమంటుంది. దాని విలువ పూర్తిగా వేరు, పైగా గోరు అతికించేటప్పుడు తగిలే మంటకి పాడవుతుంది, నిమ్మరసం లాంటి ఆమ్లం కూడా ఆ గాజుని తినేస్తుంది. పచ్చల్లో నూనె దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఎంత అన్నదే ప్రశ్న. అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తే నూనె పోయి, దాగిన పగుళ్లన్నీ పైకి కనిపిస్తాయి.

ఇక వాచీలు. ఇక్కడ బంగారం లెక్క దాదాపు పనికిరాదు, వాచీని వాచీగా చూడాలి. మూత తెరవకుండా రాసిన విలువ ఊహ మాత్రమే. రిపోర్టులో మోడల్ రిఫరెన్స్ నంబరు, సీరియల్ నంబరు, లోపలి యంత్రం ఏ రకమో చెప్పే కాలిబర్ నంబరు మూడూ ఉండాలి, మూడూ ఒకే కాలానికి చెందాలి. పాత రోలెక్స్‌లో రిఫరెన్సూ సీరియలూ పట్టీ బిగించే కొమ్ముల మధ్య చెక్కి ఉంటాయి, బ్రేస్‌లెట్ తీస్తేనే కనిపిస్తాయి. నకిలీ వాచీ మీద నిజమైన నంబరు చెక్కడం కష్టం కాదు కాబట్టి నంబరు ఒక్కటే రుజువు కాదు.

పాత వాచీలో విలువ ఎక్కువగా డయల్‌లో ఉంటుంది. డయల్ అడుగున “టి స్విస్ టి” అని ఉంటే చీకట్లో వెలిగే పదార్థం ట్రిటియం. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గిపోయే కాలం, 12.3 ఏళ్లు. 1970ల నాటి వాచీలో అది ఎప్పుడో అణగారిపోయి ఉండాలి. టార్చి వేసి ఆర్పాక గంటల తరబడి పచ్చగా వెలుగుతుంటే ఆ పదార్థాన్ని తర్వాత పూసినట్టే. ముళ్లు ఒక రంగులో, అంకెలు ఇంకో రంగులో వెలిసినా అనుమానించాలి. అక్షరాల అంచులు ఉబ్బినట్టు, నిమిషాల గీతలు అంచుకి సరిగ్గా చేరనట్టు ఉంటే డయల్‌కి మళ్లీ రంగు వేశారు. చూడటానికి కొత్తగా ఉన్నా, సేకర్తల దృష్టిలో అది విలువ తగ్గించే పని. ఇంకా పాత వాచీల్లో ఆ పదార్థం రేడియోధార్మికమైన రేడియం అయి ఉండొచ్చు. పొడి రాలుతుంది కాబట్టి ఇంట్లో తెరవకండి.

పాలిష్ సంగతికి వద్దాం. పాలిష్ అంటే లోహాన్ని అరగదీయడమే. కొమ్ముల పదునైన అంచులు గుండ్రబడతాయి, ఒక కొమ్ము ఇంకోదానికంటే సన్నగా కనిపిస్తుంది, వెనక చెక్కిన అక్షరాలు లోతు తగ్గుతాయి. పోయిన లోహం తిరిగి రాదు. గీతలున్నా ఆకారం చెడని వాచీ లోహపు కేసుకి ఎక్కువ విలువ. సర్వీసుకి ఇచ్చేటప్పుడు “పాలిష్ వద్దు, మార్చిన విడిభాగాలన్నీ తిరిగి ఇవ్వాలి” అని రాయించుకోండి. సర్వీసులో డయల్, ముళ్లు మార్చేసి పాతవి తిరిగివ్వకపోతే పాత వాచీ విలువలో పెద్ద భాగం అక్కడే ఉండిపోతుంది.

యంత్రం ఆరోగ్యం, టిక్కుల్ని విని కొలిచే పరికరమైన టైమ్‌గ్రాఫర్ మీద తెలుస్తుంది. పూర్తిగా కీ ఇచ్చాక, డయల్ పైకి పెట్టినప్పుడు లోపలి చక్రం ఊగే కోణం, అంటే ఆంప్లిట్యూడ్, సుమారు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే బాగున్నట్టు. 200 దరిదాపుల్లో ఉంటే సర్వీసు ఖర్చుని విలువలోంచి తీసేయాలి. టిక్కుకీ టాక్కుకీ మధ్య వచ్చే తేడా, అంటే బీట్ ఎర్రర్, ఒక మిల్లీసెకను లోపు ఉండాలి. ఈ అంకెలు చూసేముందు ఆ కాలిబర్‌కి సరైన లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్క కోసం పరికరంలో పెట్టే కోణం) పెట్టారా అని అడగండి. చాలావాటికి 52 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, కానీ ఒమెగా వాడే కొ-యాక్సియల్ లాంటి యంత్రాలకి బాగా తక్కువ. తప్పు కోణం పెడితే ఆంప్లిట్యూడ్ మొత్తం తప్పే. రోజుకి నిమిషాల చొప్పున ముందుకు పరిగెడుతుంటే ముందు అయస్కాంతత్వం పోగొట్టి మళ్లీ కొలవాలి. క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్న యంత్రానికి స్విస్ పరీక్షా సంస్థ కోస్క్ పెట్టిన హద్దు రోజుకి సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్లు, అది కొత్తగా ఉన్నప్పటి మాట.

తర్వాత పొదిగించిన వజ్రాలు వాచీ ధర పెంచవు, తరచూ తగ్గిస్తాయి. ఇది విని బాధపడేవాళ్లు చాలామంది, కానీ నిజం అదే.

రిపోర్టు చేతికొచ్చాక అంకె దగ్గరికి చివర వెళ్లండి. ముందు చూడాల్సినవి: తేదీ, ఏ ప్రయోజనం కోసం, ఏ రకం విలువ, ఏ బజారు. ఏది తూచారు, ఏది లెక్కగట్టారు. ఏ పరీక్షలు చేశారు, ఏవి చేయలేదు. పోలికగా తీసుకున్న ధరలు అమ్ముడుపోయినవా, లేక అమ్మకానికి పెట్టి అడుగుతున్నవా? అడిగే ధర ఎవరైనా రాసుకోవచ్చు. వస్తువుని ఎన్నడూ చూడని మనిషి ఆ వర్ణన చదివి సరిగ్గా అలాంటిదే వెతికి తేగలిగితే ఆ రిపోర్టు మంచిది. వర్ణన సరిగ్గా ఉంటే ధరని ఎప్పుడైనా సవరించుకోవచ్చు. వర్ణన లేని ధర ఆర్నెల్లకే పనికిరాదు. బీమా కోసం ఎక్కువ రాయించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు: ప్రీమియం ఎక్కువ కడతారు, చాలా పాలసీల్లో పోయినప్పుడు కంపెనీ తనకి దొరికే ధరకే మరో వస్తువు ఇస్తుంది. పాలసీలో ముందే ఒప్పుకున్న విలువ ఇస్తారా, బదులు వస్తువు ఇస్తారా అన్నది విడిగా చదవాలి.

రెండు మూడేళ్లకోసారి, లేదా బంగారం ధర బాగా కదిలినప్పుడు అంకెల్ని సవరింపజేసుకోండి. రిపోర్టు నకలు, వాచీ నంబర్ల ఫొటోలు నగలున్న బీరువాలో కాకుండా వేరే చోట ఉంచండి. ఎప్పుడైనా నగని మరమ్మతుకిచ్చి తెచ్చుకున్నప్పుడు అక్కడే, దుకాణం దాటకముందే, రాయిలోని మచ్చల్ని రిపోర్టులోని పటంతో పది రెట్ల లూపు కింద పోల్చి, బరువు మళ్లీ తూయించండి.