తూమెడు యవలు

కోతల కాలంలో మా క్రైస్తవ సంఘంలో బైబిలులోని రూతు గ్రంథం రెండో అధ్యాయం చదవడం ఆనవాయితీ. నాగావళి, వంశధారల నీళ్లు పారే మడుల్లో వరి పండి వెన్నులు వంగే రోజుల్లో కోతపండుగ వస్తుంది. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, ఒక్కోసారి కాళ్లు కట్టిన కోడిపుంజు, ఇలా ఎవరికి కలిగినది వారు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. ఆ రోజు ప్రసంగించేవారు సాధారణంగా ఆ కథలోని చేనుగలవాడు బోయజు ఔదార్యం దగ్గరకు త్వరగా వెళ్లిపోతారు. నన్ను మాత్రం ఏటా ఆపేది అంతకుముందే, భర్తను పోగొట్టుకొని అత్త నయోమి వెంట బేత్లెహేముకు వచ్చిన మోయాబు స్త్రీ రూతు, ఆ అత్తగారిని సెలవడుగుతూ చెప్పిన మాట. "ఎవని కటాక్షము పొందగలనో వాని వెనుక పరిగె నేరుకొందును" అంటుందామె. పరిగె అంటే కోతలో రాలిపోయిన వెన్నులు.

నయోమి భర్తకు బోయజు అనే బంధువు ఉన్నాడని కథకుడు మనకు అధ్యాయం మొదటి వచనంలోనే చెప్పాడు గాని, రూతుకు అప్పటికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఏ చేను ఎవరిదో, ఏ గట్టు మీద ఎవరు అదిలిస్తారో తెలియకుండానే ఆ పరదేశి విధవరాలు పనికి బయలుదేరింది. ఆమె బోయజు పొలంలోకి వెళ్లిన సంగతి చెప్పేచోట హెబ్రీ మూలంలో 'తటస్థించింది' అనే అర్థం వచ్చే మాట ఉంది. కటాక్షం అనే మాట ఈ అధ్యాయంలో మూడుసార్లు కనిపిస్తుంది. రెండో వచనంలో అది ఆశ, పదో వచనంలో ఆశ్చర్యం, పదమూడో వచనంలో విన్నపం. ఆశగా ఆ మాట అన్నప్పుడు ఆమె చూసినది ఏమీ లేదు, ఆమెకు మాట ఇచ్చినవారూ లేరు.

మనం దేవుని దయను అడిగే తీరు దీనికి కొంత భిన్నంగా ఉంటుంది. ఉపవాస కూడికల్లో వచ్చే ప్రార్థన మనవులు చూడండి: డీఎస్సీలో ఉద్యోగం, అమ్మాయికి సంబంధం, కోర్టులో నలుగుతున్న పొలం తగాదా. వీటిని అడగడం తప్పని నేను అనను, ఇవన్నీ నిజమైన అవసరాలే. కాని అడిగి అడిగి, దేవుని దయ అంటే పెద్దమనిషి ఇచ్చే సిఫారసు ఉత్తరం వంటిదనే తలంపు మనకు తెలియకుండానే స్థిరపడింది. ఉత్తరం చేతికి వస్తే సాక్ష్యం చెబుతాం, రాకపోతే మన ప్రార్థనలో లోపం ఎక్కడుందో వెతుక్కుంటాం, లేదా ఇతరులు వెతికి పెడతారు.

ఆ వెతికి పెట్టేవారు నయోమిని ఒకసారి చూడాలి. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. ఆ ఊరిలోనే కరవు వచ్చి ఆమె కుటుంబం మోయాబుకు వలస పోయింది. వలస అంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. చెన్నైలో కట్టడం పనులకు, గుజరాత్‌లోని వేరావల్ పడవల మీదికి మనుషులను పంపిన ఇళ్లు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. తొంభయ్యో కీర్తన చివరి వచనంలో "మా దేవుడైన యెహోవా ప్రసన్నత మామీద నుండును గాక" అనేచోట ప్రసన్నతకు వాడిన హెబ్రీ మాట, నయోమి అనే పేరు ఒకే ధాతువు నుండి వచ్చాయి. అంతటి పేరున్న స్త్రీ భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని పదేళ్ల తరువాత ఊరికి తిరిగివచ్చి, తనను మారా అని, అంటే చేదు అని, పిలవమంది. ఆ మాట అన్నందుకు గ్రంథంలో ఎవరూ ఆమెను గద్దించలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తరువాత, తండ్రుల నాటి చెట్లు ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నవారి దగ్గరకు వెళ్లి, దేవుని దయ ఎందుకు తప్పిందో వివరించబోయినవారిని నేను చూశాను. వారు ఊరకే పక్కన కూర్చున్నా సరిపోయేది.

రూతు దగ్గరకు తిరిగి వద్దాం. ఆమె ఆ ఉదయం వెళ్లగలిగిందంటే దానికి కారణం అప్పటికే ఉన్న ఒక ఆజ్ఞ. పొలం ఓరలను పూర్తిగా కోయకూడదని, పరిగెను ఏరుకోకూడదని, వాటిని బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం చెబుతుంది. అంటే రూతు పుట్టకముందే దేవుడు ఆమె కోసం ప్రతి చేనిలోనూ కొంత భాగం ఉంచాడు. అయితే ఆ భాగం ఆమెకు అందడం, చేనుగలవాడు తన కొడవలిని ఎక్కడ ఆపుతాడన్న దాని మీద ఆధారపడి ఉంది. దేవుని దయ చాలావరకు ఇలాగే, మరొకరి విధేయత గుండా మన వద్దకు వస్తుందనుకుంటాను. మా సంఘంలో కొందరు తల్లులు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసి, నెలకొకసారి గుడికి తెస్తారు. ఆ బియ్యం ఎవరి ఇంటికి చేరుతుందో ఇచ్చినవారికి తెలియదు, ఏ ఇంటి గుప్పెడో తిన్నవారికీ తెలియదు.

బోయజు ఆజ్ఞ దగ్గరే ఆగలేదు. రూతు కోసం పిడికెళ్లు పడవేసి, ఆమె ఏరుకునేటట్లు విడిచిపెట్టమని, ఆమెను గద్దించవద్దని పనివారికి చెప్పాడు. ఈ సంగతి మనకు తెలుసు, పనివారికి తెలుసు; రూతుకు తెలిసినట్లు గ్రంథంలో ఎక్కడా లేదు. ఆమె సాయంకాలం వరకు నడుము వంచి ఏరుకొని, ఏరినదాన్ని దుళ్లకొట్టగా దాదాపు తూమెడు యవలయ్యాయి. హెబ్రీ కొలతలో అది ఒక ఏఫా, సుమారు 22 లీటర్లు. పరిగె ఏరే మనిషికి ఒక్క రోజులో దొరికేది కాదు. ఆ తూమెడులో వాటంతట అవే రాలిన వెన్నులేవో, కావాలని వదిలిన పిడికెళ్లేవో వేరు చేయగలవారు ఎవరు? ఆమె చెమట అబద్ధం కాదు, బోయజు దయా అబద్ధం కాదు. రెండూ ఒకే కర్ర కింద దుళ్లి, ఒకే మూటగా నయోమి ఇంటికి చేరాయి. అందుకే కష్టపడి సంపాదించాను, ఇందులో దేవుని ప్రమేయమేమిటి అనేవారి మాట వినేటప్పుడు, అంతా ఆయన దయే, నాదేమీ లేదు అని పని ఎగ్గొట్టే వారి మాట వినేటప్పుడు కూడా, నాకు ఆ యవల మూటే మనసులో మెదులుతుంది.

మా అమ్మ చిన్నతనంలో నరసన్నపేట వైపు వంశధార కాలువ కింది మడుల్లో పరిగె ఏరేది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక ఆ పని చేసే పిల్లలు మా వైపు కనబడటం లేదు. అప్పట్లో కూలీలు పనలను కట్టలు కట్టి కళ్లానికి మోసేవారు. వారు నడిచిన దారిలో రాలిన వెన్నులను పిల్లలు ఒడిలో వేసుకొని, ఇంటి దగ్గర కాళ్లతో నలిచి, చేటతో తాలు చెరిగేవారు. తాను అందరికన్నా చురుకుగా ఏరేదాన్నని అమ్మ మాతో గర్వంగా చెప్పేది. చాలా ఏళ్ల తరువాత, మా గుడిలో ఈ అధ్యాయం విన్న ఒక కోతపండుగ నాడు ఇంటికి నడిచి వస్తూ, వరసకు మావయ్య అయ్యే ఒకాయన కట్టే కట్టలు మాత్రమే ఎందుకు అంత వదులుగా ఉండేవో, తాను వెనుక ఉన్నప్పుడే అవి ఎందుకు జారేవో అని ఆమె తనలో తాను అనుకున్నట్టుగా అంది. ఆయన పోయి అప్పటికే చాలా కాలమైంది, అడిగే వీలు లేదు. ఆయన వెనుక ఏరిన ఒక ఏడు సంక్రాంతి నాటికి తన పరిగె కుంచెడు ధాన్యం అయిందని, అందులో కొంత ఇచ్చి జీళ్లు కొనుక్కున్నానని మాత్రం ఆమెకు బాగా గుర్తుంది.