డోలీకి మూడు గజాలు

శ్రీకాకుళం జిల్లా మందసలో నాది టైలరింగ్ షాపు. జాకెట్లు, స్కూలు యూనిఫాంలు కుడతాను, సంచులకు జిప్పులు వేస్తాను. డిసెంబరు నుంచి శివరాత్రి దాకా మాత్రం ఆదివారాలు షాపు మూసేసి మహేంద్రగిరి ఎక్కుతాను. చూడటానికి వచ్చేవాళ్లకు దారి చూపించడం మా పని. మేం ఐదుగురం.

కొండ ఎత్తు 1501 మీటర్లు. శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది గానీ, మా ఊళ్లో వాయవ్యానికి తలెత్తితే కనిపించేది అదే. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. రాజేంద్ర చోళుడి శాసనం ఉంది. మంచు విడిపోయిన పూట సముద్రం కూడా కనిపిస్తుంది. వచ్చేవాళ్లు వీటి కోసమే వస్తారు. దారి తెలిస్తే చాలు, గైడ్ పని అయిపోయినట్టే అనుకుంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

ముందు నడిచేది తాత. సవర గిరిజనుడు, తేనె తీస్తాడు. పొదలు దట్టంగా ఉన్న మలుపు రాగానే దగ్గుతాడు, కర్రతో రాయి మీద కొడతాడు. ఎలుగుబంటి ఉలిక్కిపడితేనే మీద పడుతుంది, మనం వస్తున్నట్టు ముందే తెలిస్తే చాలావరకు అదే తప్పుకుంటుంది. చెదపుట్ట తవ్వి ఉంటే ఆగి మట్టి ముట్టుకుంటాడు. తడి ఆరకపోతే మమ్మల్ని వేరే దారిన తిప్పుతాడు. ఎందుకని ఎవరూ అడగం.

బావ కొబ్బరి దింపు కార్మికుడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటల్ని పడగొట్టేసినప్పుడు బావకు చెట్లే లేకుండా పోయాయి. మాతో కొండకు రావడం అప్పుడే మొదలుపెట్టాడు. తాడు మీద తన ప్రాణం వేలాడదీసి బతికిన మనిషి వేసిన ముడికీ, నేను వేసిన ముడికీ పోలికే లేదు. మావ ఆర్మీలో చేసి వచ్చాడు. అందరికంటే వెనక నడుస్తూ, ప్రతి గంటకూ మనుషుల్ని లెక్కపెడతాడు.

వదిన ఆశా కార్యకర్త. బయల్దేరే ముందు ఒక్కొక్కరి సంచీ తెరిపించి నొప్పి బిళ్లలు తీసేయిస్తుంది. మాది కిడ్నీ జబ్బులతో నలిగిన ఉద్దానం. చెమటకు ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ బిళ్లలు వేసుకుంటే కిడ్నీలకు దెబ్బ. ఒకాయన చిన్నబుచ్చుకుంటే, "కోపమొస్తే రానీ నానా, నీళ్లు మాత్రం తాగు" అంది.

పోయిన జనవరిలో దిగేటప్పుడు ఒక కుర్రాడు గెడ్డ (కొండవాగు) దగ్గర నాచు రాయి మీద కాలు జారాడు. మడమ వాచిపోయింది, అడుగు కింద పెట్టలేకపోతున్నాడు. ఫోన్ సిగ్నల్ లేదు, రెండు గంటల్లో చీకటి పడుతుంది. నాకు చేతులు వణికాయి.

"ఏటి, అలా నిలబడిపోనావు? డోలీ కడదాం" అన్నాడు తాత. కొండ మీది ఊళ్లలో రోగుల్ని, గర్భిణుల్ని ఇప్పటికీ ఎన్నోచోట్ల డోలీలోనే దించుతారు. వాళ్లకు రోడ్డు లేకే ఈ విద్య వచ్చింది. తాతకు అది ఎంత బాగా వచ్చో చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

తాత వెదురు నరికి, అడ్డతీగ నార చీల్చి ఇచ్చాడు. వదిన చీల్చిన వెదురు బద్దలు రెండు పక్కలా పెట్టి, తువ్వాలు చుట్టి కాలు కట్టింది. నా దగ్గర దుప్పటి ఉంది. ముడేస్తే జారుతోందని రెండు కొసలూ మడతపెట్టి, కాన్వాసు సంచులు కుట్టే దారంతో నాలుగు వరసలు కుట్టాను. ఆ మడతల్లోంచి వెదురు దూర్చాం. గుడ్డ పక్కకు జరగకుండా బావ రెండు వైపులా నారతో బిగించాడు. మావ వంతులు వేశాడు. పది నిమిషాలకోసారి భుజం మారాలి, దిగుడులో తల ఎప్పుడూ కొండ వైపే ఉండాలి. భుజం మారిన ప్రతిసారీ వదిన కుర్రాడి కాలివేళ్లు పట్టుకుని చూసేది. చల్లబడితే కట్టు వదులు చేసేది.

కింద ఆటో ఎక్కించేసరికి రాత్రి ఎనిమిదయింది. ఎముక విరగలేదని మర్నాడు తెలిసింది. అప్పటిదాకా నేను అన్నం ముట్టలేదు.

ఒక్క లోపం నాది. దుప్పటి పొట్టిదైంది. కుర్రాడు పొడగరి. దెబ్బ తగిలిన కాలు దారంతా బయటికి వేలాడింది, రాయి తగిలినప్పుడల్లా అరిచాడు. ఆ అరుపు చాలా రోజులు నా చెవుల్లోనే ఉంది.

ఈసారి కాన్వాసు తెచ్చాను, మూడు గజాలు. అంచుకు రెండు మడతలు, పాదాల వైపు జేబులాంటి సంచీ, నడుముకు బెల్టు. మాలో పొడుగు బావే. నిన్న సాయంత్రం షాపు బల్లలు పక్కకు జరిపి అతన్ని నేల మీద పడుకోబెట్టి కొలిచాను. పాదాలు లోపలే ఉన్నాయి, ఇంకా జానెడు మిగిలింది.