అమ్మ ఎక్కనన్న పోలో: గట్టి సస్పెన్షన్‌తో నా నాలుగు నెలలు

2023 నవంబరులో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. 2018 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. వోక్స్‌వ్యాగన్ ఇక్కడ పోలో అమ్మకం 2022లో ఆపేశాక మంచి జీటీ దొరకడం గగనమైపోయింది. నేను చూసిన ఐదింట్లో మూడు ఎవరో ఒక కుర్రాడు 'లో' చేయించినవే, అంటే కారును నేలకు దగ్గరగా దింపించినవే. చివరికి నేను కొన్నదీ అలాంటిదే. ఎత్తు, గట్టిదనం మార్చుకునే స్ప్రింగులు, షాకర్ల సెట్టు (కాయిలోవర్ కిట్), 17 అంగుళాల చక్రాలు, చక్రానికీ ఫెండర్‌కూ మధ్య రెండు వేళ్లు కూడా దూరని సందు.

తప్పు నాదే. టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఆరింటికి, కొత్తగా తారు వేసిన రోడ్డు మీద చేశాను. మలుపులో కారు ఒరగలేదు, నేను దానికి పడిపోయాను. సోమవారం ఆఫీసుకు బయల్దేరి బెంగళూరు పనత్తూరు రైల్వే అండర్‌పాస్ దాటేసరికి అసలు సంగతి తెలిసింది. గుంత కనపడటమే ఆలస్యం, వెన్నుపూస లెక్క చెప్పేది.

రెండు వారాలకు మదనపల్లె వెళ్లి అమ్మను తీసుకొచ్చాను. చింతామణి ఊళ్లో వరసగా స్పీడ్ బ్రేకర్లు. మూడోదానికి అమ్మ డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టింది. ఐదోదానికి నోరు విప్పింది: "ఏమిరా నాయనా, దీనికంటే మన చిన్నాయన ట్రాక్టరు మేలు గదరా. ఇన్ని లక్షలు బోసి ఇదా కొనింది?" తిరిగి వెళ్లేటప్పుడు ఎంత బతిమాలినా ఎక్కలేదు, బస్సులోనే పోయింది.

స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో గుండ్రటి హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా. మా కసవనహళ్లి వీధిలో ఉన్నది ఎత్తులో దానికి తీసిపోదు, వెడల్పు మాత్రం రెండడుగులు. అది హంప్ కాదు, రోడ్డుకు అడ్డంగా పడుకోబెట్టిన దూలం. నా కారును తిట్టే ముందు దాన్నీ కాస్త తిట్టాలి.

మొదట డబ్బు ఖర్చవని పని చేశాను. టైర్లలో గాలి చూపిస్తే చల్లగా ఉన్నప్పుడే 39 పీఎస్ఐ ఉంది. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ చూసుకుని 33కు దించాను. సన్న కంకర మీద వచ్చే గరగర తగ్గింది, గుంతల దెబ్బ తగ్గలేదు. ఇంకా దించుదామా అనిపించింది కానీ 205/45 టైరుకు గోడ, అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండే రబ్బరు, ఎత్తే 92 మిల్లీమీటర్లు. గాలి మరీ తగ్గిస్తే పదునైన గుంతలో రిమ్ము నేరుగా దెబ్బ తిని వంగుతుంది.

రెండోది షాకర్ గట్టిదనం మార్చే నాబ్. ముందు షాకర్ల నాబ్ బానెట్ ఎత్తితే స్ట్రట్ (స్ప్రింగ్, షాకర్ కలిసి ఉన్న కంబం) నెత్తిన కనిపిస్తుంది. వెనకవాటికి నేల మీద పడుకుని చక్రం వెనక చెయ్యి పెట్టి తడుముకోవాలి. నా కిట్‌లో మొత్తం 30 క్లిక్కులు. కుడివైపు తిప్పితే గట్టి, ఎడమవైపు తిప్పితే మెత్తన. ముందు పూర్తిగా గట్టి వైపు తిప్పి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి, లేకపోతే ఎక్కడున్నామో తెలియదు. అలా లెక్కపెడితే ముందు ఎడమది 5లో ఉంది, కుడిది 9లో. అమ్మినతను ఏడాదిగా అలాగే తిప్పుతున్నాడన్నమాట.

నాకు ఓపిక తక్కువ. నాలుగూ ఒకేసారి చివరి మెత్తదనానికి తిప్పేశాను. అపార్ట్‌మెంటు గేటు దాటగానే కారు పడవైపోయింది. హంప్ దిగాక ఒకసారి కాదు, మూడుసార్లు ఊగింది. ఔటర్ రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ మీద అతుకు దాటిన ప్రతిసారీ ముక్కు లేచి పడుతోంది, పైగా గుంతలో 'ధన్' మనే దెబ్బ అలాగే ఉంది. అప్పుడు కూర్చుని చదివితే అర్థమైంది. దెబ్బను మింగేది స్ప్రింగ్, మింగినదాన్ని మళ్లీ ఎగరకుండా చల్లార్చేది షాకర్. స్ప్రింగ్ గట్టిదై షాకర్ వదులైతే, కుక్కిన బలమంతా తిరిగి మన మీదికే వస్తుంది. నాలుగింటినీ 18కి తెచ్చాను. ఊగడం ఆగింది. ధన్ పోలేదు.

ఆ ధన్ ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించింది మెకానిక్ బంగారుపేట అన్న. ఆయన షెడ్డు వర్తూరు దగ్గర. కోలారు వైపు తెలుగు, మధ్యమధ్య కన్నడం. అంతకు ముందు వెళ్లిన పెద్ద షోరూంలాంటి చోట కంప్యూటర్‌లో చూసి "మొత్తం మార్చేయండి సార్" అన్నారు. ఈయన కారు చూసి ఏమీ అనలేదు. జాకీ పెట్టి చక్రం ఊడదీసి, షాకర్ కడ్డీ మీది రబ్బరు తొడుగు పైకి జరిపి, కడ్డీకి ఒక మామూలు ప్లాస్టిక్ కేబుల్ టై చుట్టాడు. దాన్ని కిందికి, షాకర్ ఒంటికి ఆనేదాకా తోశాడు. చక్రం బిగించి "పోయి రా సార్, నీ గుంతల్లోనే తిప్పుకోని రా" అన్నాడు.

గుంజూరు దాకా వెళ్లి వచ్చాను. మళ్లీ చక్రం తీస్తే, ఆ టై కడ్డీ పైదాకా ఎక్కి, బంప్ స్టాప్ అనే పసుపు స్పాంజి ముద్దలోకి నొక్కుకుపోయి ఉంది. ఆ ముద్ద కూడా సగం పొడిపొడిగా రాలిపోయింది. కారు మామూలుగా నిలబడి ఉన్నప్పుడే షాకర్‌కూ దానికీ మధ్య ఖాళీ 15 మిల్లీమీటర్లు. కారును అంత కిందికి దించితే షాకర్‌కు కదిలే చోటే లేదు. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్నది స్ప్రింగ్‌ను కాదు, ఆ ముద్దను గుద్దుకోవడాన్ని. ఒకసారి దాన్ని తాకాక నాబ్ ఎక్కడున్నా ఒకటే. "స్ప్రింగు మెత్తగుండాలంటే దానికి చోటు గావల్ల సార్. చోటే ల్యాదే" అన్నాడాయన.

నా కిట్‌లో ఎత్తు మార్చేది స్ప్రింగ్ కింది రింగు. దాన్ని పైకి తిప్పితే కారు లేస్తుంది, ఆ మేరకు షాకర్‌కు చోటు పెరుగుతుంది. టైర్ల దుకాణం అతను "రింగు బిగిస్తే స్ప్రింగ్ నొక్కుకుపోయి ఇంకా గట్టవుతుంది" అని భయపెట్టాడు. అది నిజం కాదు. కారు బరువు అంతే ఉంది, ఆ బరువుకు స్ప్రింగ్ ఎంత దిగాలో అంతే దిగుతుంది. కారు పైకి లేస్తుందంతే. అయితే కొన్ని కిట్లలో ఎత్తు కింది బ్రాకెట్‌తో మారుతుంది. వాటిలో కారు ఎత్తు పెంచినా షాకర్ చోటు మారదు. మీది ఏ రకమో చూసుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

రింగులు తిరగలేదు. ఐదేళ్ల బురద, తుప్పు. వైర్ బ్రష్‌తో మరలు రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాం. మర్నాడు కొక్కెం స్పానర్‌కు పైపు తొడిగి ఆయన లాగితే, గోళ్లతో పలక గీకినట్టు అరిచి కదిలింది. ముందు 25 మిల్లీమీటర్లు లేపాం. పోలోలో వెనక స్ప్రింగ్ వేరు, షాకర్ వేరు, కాబట్టి అక్కడ స్ప్రింగ్ కూర్చునే గిన్నె రింగు తిప్పి 20 లేపాం. కొత్త బంప్ స్టాప్‌లు వేయించాను. కొలత ఎప్పుడూ చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకే తీసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలోకి వస్తుంది.

ధన్ పోయింది! కానీ కారు ఇంకా గట్టిగానే ఉంది. తేడా ఎలా చెప్పాలంటే, ఇంతకు ముందు ఎవరో సీటు కింద సుత్తితో కొట్టినట్టుండేది, ఇప్పుడు గట్టి చెక్క బెంచీ మీద కూర్చున్నట్టుంది.

ముందు స్ప్రింగ్ మీద బురద గుడ్డతో తుడిస్తే అక్షరాలు కనిపించాయి: 62 180 008. లోపలి వ్యాసం 62 మిల్లీమీటర్లు, పొడవు 180, చివరిది గట్టిదనం. అంటే మిల్లీమీటరు నొక్కాలంటే 8 కిలోలు కావాలి. రేస్ ట్రాక్ మీద సరే, కసవనహళ్లిలో ఎందుకు? నా కారులో ఒక్కో ముందు స్ప్రింగ్ మోసే బరువు సుమారు 300 కిలోలు. 8తో భాగిస్తే 37 మిల్లీమీటర్ల చిల్లర దిగుతుంది. 5 కిలోల స్ప్రింగ్ వేస్తే 60 దిగుతుంది. అంటే కారు మళ్లీ 22 మిల్లీమీటర్లు కుంగకుండా ఉండాలంటే పొడవు 200 ఉన్న స్ప్రింగ్ కావాలి. ఈ చిన్న లెక్క చేయకుండా 'మెత్తటి స్ప్రింగ్' అని మాత్రం ఆర్డర్ పెట్టి ఉంటే మళ్లీ బంప్ స్టాప్ మీదే కూర్చునేవాణ్ణి.

3 కిలోలది వేద్దామా అని అడిగాను, ఆశ కొద్దీ. అన్న ఒప్పుకోలేదు. ఈ షాకర్ లోపలి వాల్వులు గట్టి స్ప్రింగ్‌కు కట్టినవి, 5 దాకా నాబ్ తిప్పి సర్దుకోవచ్చు, అంతకంటే కిందికి వెళ్తే గుంతలో నొక్కుకున్న చక్రం తొందరగా తిరిగి దిగదు అన్నాడు. నాకది సబబుగానే తోచింది. కంపెనీ షాకర్లు, స్ప్రింగులకే తిరిగి వెళ్దామా అని కూడా ఆలోచించాను. పాత సామాను మొదటి ఓనర్ ఎప్పుడో అమ్మేశాడు, కొత్తగా మొత్తం కొనాలంటే నా బడ్జెట్ ఒప్పుకోలేదు. చివరికి వేయించిన 5 కిలోల ముందు స్ప్రింగుల జత తొమ్మిది వేలు, కూలి మూడున్నర వేలు అయింది. అదే పనిలో కారు మలుపులో ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ కడ్డీకి ఉండే పాడైన లింకులు కూడా మార్చాడు. ఇన్నాళ్ల టకటక చప్పుడు వాటిదేనట.

ఒక పని మాత్రం మీ మెకానిక్ చేత అడిగి చేయించుకోండి. ఎత్తు మారాక, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌ల బోల్టులు వదులు చేసి, కారు చక్రాల మీద నిలబడ్డాక మళ్లీ బిగించాలి. అవి మెలితిరిగే రబ్బరు బుష్‌లు. పాత ఎత్తులో బిగించినవాటిని అలాగే వదిలేస్తే ఎప్పుడూ మెలి మీదే ఉండి ఆ గట్టిదనం కూడా కలుస్తుంది, రబ్బరూ త్వరగా చిరుగుతుంది. 200 కిలోమీటర్లు తిరిగాక వీల్ అలైన్‌మెంట్ చేయించాను. ముందు టైర్లు అప్పటికే లోపలి అంచు అరిగి ఉన్నాయి.

ఇప్పుడు ముందు నాబ్ 22లో, వెనక 20లో. మొదట 18 నుంచి రెండేసి క్లిక్కులు మార్చుకుంటూ, ప్రతిసారీ అదే దారిలో, అదే వేగంతో, మూడు రోజులు తిప్పి ఫోనులో రాసుకున్నాను. 24 దాటితే ఫ్లైఓవర్ అతుకుల మీద మళ్లీ పడవ. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఇంకా గొణుగుతారు, అక్కడి స్ప్రింగులు నేను ముట్టుకోలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లకు ఈ కిట్ సంగతి రాసి పంపాను. కొనేముందు అమ్మేవాణ్ణి ఇది అడగకపోవడం నా రెండో తప్పు.

మార్చిలో ఉగాదికి ముందు అమ్మను మళ్లీ తీసుకొచ్చాను. ఎక్కేముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. చింతామణిలో అవే స్పీడ్ బ్రేకర్లు. మూడోదాని దగ్గర అలవాటుగా చెయ్యి డాష్‌బోర్డు మీదికి పోయింది, తర్వాత తీసేసి ఒళ్లో పెట్టుకుంది. హోస్కోటె వచ్చేసరికి నిద్రపోతోంది. సిమెంటు రోడ్డు అతుకుల దగ్గర మాత్రం ఇంకా సన్నగా టప్ టప్ మంటుంది. అది టైరు గోడ పని. 16 అంగుళాల చక్రాలకు 195/55 వేస్తే గోడ 92 నుంచి 107కు పెరుగుతుంది, మొత్తం చక్రం ఎత్తు 616 నుంచి 621కే మారుతుంది కాబట్టి స్పీడోమీటర్‌తో పేచీ ఉండదు. ఈ టైర్లు ఇంకో పదివేల కిలోమీటర్లు వస్తాయన్నాడు అన్న. అవి అరిగాక చూద్దాం.